మా బోడుప్పల్: రాని నీళ్లు, పోని నీళ్లు

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "దేని మీద?" అన్నాను. "నీకు బాగా తెలిసిన దాని మీద" అన్నారు. నాకు బాగా తెలిసినవి రెండే రెండు. ఒకటి, పొద్దున ఎనిమిదిన్నరకు ఉప్పల్ చౌరస్తా దాటడం. రెండు, నీళ్లు. మొదటిదాని గురించి రాస్తే నాతోపాటు షేర్ ఆటోలో సగం బయటకు వేలాడుతూ వచ్చే మిత్రులు "ఇందులో మాకు తెలియనిదేముంది?" అంటారు. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు 2018లో మొదలుపెట్టిన పైవంతెన స్తంభాల మధ్య నుంచి ఏళ్ల తరబడి ప్రయాణం చేసినవాళ్లకు వేరే వర్ణనలు అక్కరలేదు కూడా. అందుచేత నీళ్ల గురించే రాస్తున్నాను. మహానగరం పక్కన తొందర తొందరగా పెరిగే ఊళ్లో వేసవిలో నీళ్లు ఎందుకు రావు, వానాకాలంలో అవే నీళ్లు ఎందుకు పోవు అన్నదే నేను చెప్పదలచుకున్న సంగతి. ఇవి రెండూ వేర్వేరు కష్టాలని నేను చాలాకాలం అనుకున్నాను. కావు.

మాది బోడుప్పల్. ఉప్పల్ దాటినాక వరంగల్ రోడ్డుకు ఎడమ చేతి వైపు. కాలనీ పేరు మాత్రం రాయను. అక్కడ ఇంకా ఇళ్లూ ప్లాట్లూ అమ్ముకోవలసినవాళ్లున్నారు. ఒకప్పుడు మా బాపు కూడా వాళ్లలో ఒకరు. ఆ కథ చివర చెబుతాను.

మా స్వస్థలం జనగామ పక్కన పల్లె. హైదరాబాదుకు వలస వచ్చినవాళ్లు ఎక్కడ ఇల్లు కట్టుకుంటారో గమనించారా? సాధారణంగా సొంతూరికి పోయే రోడ్డు మీదనే కట్టుకుంటారు. జనగామ, భువనగిరి, వరంగల్ వాళ్లకు ఉప్పల్ వైపు. సంగారెడ్డి, జహీరాబాద్ వాళ్లకు పటాన్‌చెరు వైపు. పాలమూరు వాళ్లకు శంషాబాద్ వైపు. పండగకు పోవాలన్నా, చావుకు పోవాలన్నా రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తితే బస్సు ఆగాలి. మా బాపు 2006లో నూటయాభై గజాల ప్లాటు కొన్నది ఆ లెక్కమీదనే. ఇంకో లెక్క కూడా వుంది. ఉప్పల్ అప్పటికే మున్సిపాలిటీ. అక్కడ గజం ధర అందదు. ఒక గీత దాటి ఇవతలికొస్తే గ్రామ పంచాయతీ. అక్కడ అందుతుంది.

ఆ గీత సంగతి కొంచెం చెప్పాలి. 2007 ఏప్రిల్‌లో హైదరాబాదు చుట్టూ వున్న పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది గ్రామ పంచాయతీలను పాత నగరపాలక సంస్థలో కలిపి మహానగరపాలక సంస్థ చేశారు. ఉప్పల్ లోపలికి పోయింది. బోడుప్పల్ బయట మిగిలింది. మేం 2009లో ఇల్లు కట్టుకుని వచ్చేనాటికి మాది పంచాయతీయే. 2016లో మున్సిపాలిటీ అయింది. 2019లో పక్కనే వున్న పీర్జాదిగూడతోపాటు కార్పొరేషన్ అయింది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల ఇరవైకి పైగా పట్టణాలతో కలిపి మహానగర సంస్థలోనే కలిపేశారు. అంటే మేం ఇల్లు మారకుండానే, గుమ్మం రంగు మార్చకుండానే, పదహారేళ్లలో నాలుగు రకాల పాలనలు చూశాం. పేరు మారినప్పుడల్లా ఇంటి పన్ను రసీదు మీద ముద్ర మారింది. రసీదులన్నీ అమ్మ ఒకే ప్లాస్టిక్ కవరులో దాచింది.

ఇక ఊరు ఎట్లా పెరుగుతుందో చూద్దాం. పుస్తకాల్లో పట్టణ ప్రణాళిక అని ఒక అధ్యాయం వుంటుంది. మొదట రోడ్లు, మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు, ఆ తర్వాత ఇళ్లు అని అందులో రాసి వుంటుంది. మా దగ్గర తలకిందులుగా జరిగింది. మొదట ఒక ఆసామి రైతుల దగ్గర పదెకరాలో పదిహేనెకరాలో చెల్క కొంటాడు. ట్రాక్టరు పెట్టి చదును చేయిస్తాడు. సున్నంతో గీతలు గీసి, రాళ్లు పాతి, రంగు కాగితం మీద లేఅవుట్ వేయిస్తాడు. ఆదివారం పూట షామియానా వేసి భోజనం పెట్టి ప్లాట్లు అమ్ముతాడు. కాగితం మీద పార్కు వుంటుంది, బడికి స్థలం వుంటుంది, గుడి వుంటుంది. కొన్నవాళ్లలో ముందు ఒకడు ఇల్లు కడతాడు, బోరు వేస్తాడు, మురుగుకు ఇంటి వెనుక గుంత తవ్వుతాడు. అతణ్ని చూసి ఇంకొకడు. ఇరవై ఇళ్లయినాక కరెంటు స్తంభాల కోసం, యాభై ఇళ్లయినాక రోడ్డు కోసం, వందయినాక డ్రైనేజీ కోసం దరఖాస్తులు పెడతారు. నీళ్ల గొట్టం అన్నిటికంటే ఆఖరున వస్తుంది. ఇలాంటి లేఅవుట్లు ఎన్ని పుట్టాయంటే, వాటిని క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం 2015లో ఒకసారి, 2020లో మరోసారి ఎల్.ఆర్.ఎస్. పథకం పెట్టవలసి వచ్చింది. రుసుము కడితే ప్లాటు సక్రమమవుతుంది. ప్లాటు కింద నేల ఎటు వాలివుందో ఆ రుసుము మార్చలేదు.

నేల వాలు అన్నాను గదా, అసలు విషయం అక్కడే వుంది. మా ప్రాంతమంతా ఉత్తరం నుంచి దక్షిణానికి, మూసీ వైపు వాలుతుంది. పూర్వులు ఈ వాలును చూసే చెరువులు కట్టారు. ఒక కుంట నిండితే మత్తడి దూకి, ఒర్రె పట్టుకుని కిందనున్న చెరువులోకి పోతుంది. అది నిండితే దాని కిందిదానికి. చిట్టచివరికి మూసీలోకి. వీటిని గొలుసు చెరువులన్నారు. కోస్తా మిత్రుల కోసం ఒక మాట: మేం మత్తడి అన్నది మీ అలుగే. ఉప్పల్‌లో వరంగల్ రోడ్డు పక్కనున్న నల్లచెరువును మనం రోజూ చూస్తాం, ముక్కు మూసుకుని. అదీ ఇలాంటి చెరువే.

చెరువును అందరూ గుర్తుపడతారు. ఎండినా దానికొక కట్ట వుంటుంది, పేరు వుంటుంది. ఒర్రెను ఎవరూ గుర్తుపట్టరు. ఏడాదిలో పది నెలలు అది ఒట్టి పల్లం. తుమ్మచెట్లు, కొంచెం ఇసుక, మేకలు. లేఅవుట్ వేసే ట్రాక్టరుకు దాన్ని పూడ్చడం ఒక్క పూట పని. చెరువు మింగారని పత్రికల్లో వార్తలొస్తాయి గాని, ఒర్రె మింగారని ఎప్పుడైనా చదివారా?

ఇప్పుడు బోర్ల సంగతి. హైదరాబాదు చుట్టుపక్కల నేలంతా గ్రానైటు రాతి మీద కూర్చున్నది. పైన కొంచెం మట్టి, దాని కింద మొరం, అంటే వేల ఏళ్లుగా నాని పొడిబారిన రాయి, దాని కింద పగుళ్లున్న రాయి, ఆ కింద గట్టి బండ. నీళ్లు నిలవవుండేది ముఖ్యంగా మొరంలోనే, స్పాంజిలో వున్నట్లు. బండలో నీళ్లుండవు, పగుళ్లలోనే వుంటాయి. పగులు తగిలితే అదృష్టం. తగలకపోతే వెయ్యి అడుగులు పోయినా తెల్లటి దుమ్మే పైకొస్తుంది. మా ఇంట్లో 2009లో వేసిన బోరు నూటఎనభై అడుగులు. అప్పట్లో సంపు నిండి పొర్లేది. చుట్టూ ఇళ్లు పెరిగాయి, ఇంటికొక బోరు పడింది. అందరి గొట్టాలూ ఒకే స్పాంజిలో వున్నాయి. 2016 ఎండాకాలంలో మా బోరు దగ్గింది. అంటే మోటారు వేస్తే నీళ్లకు బదులు గాలి, దగ్గు చప్పుడు. బాపు చీటీ పాడి ఆరువందల అడుగుల బోరు వేయించారు. మూడేళ్లు వచ్చింది. పక్కింటివాళ్లు ఏడువందలు వేశారు. ఇట్లా ఒకరి కింద ఒకరు తవ్వుకుంటూ పోతే నీళ్లు పెరగవు గదా, ఆ వున్న నీళ్లే చేతులు మారతాయి.

అప్పటి నుంచి ట్యాంకర్ల బతుకు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు గనక ఇంట్లో ఎవరో ఒకరు వుండాలి. మా అమ్మ పెళ్లిళ్లకు పోవడం మానుకున్నది ఆ రెండేళ్లలోనే. నేను బడి నుంచి వచ్చేసరికి వీధి చివర డ్రమ్ములు వరసలో వుండేవి. డ్రమ్ము మీద పేరు రాసుకునేవాళ్లు, గొలుసు వేసుకునేవాళ్లు. నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి, రెండిళ్ల ఆడవాళ్లు రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఆ రెండిళ్లలో ఒకటి మాదే. మంచినీళ్ల నల్లా మా వీధికి 2018లో వచ్చింది. అది వచ్చిన రోజున అమ్మ కొబ్బరికాయ కొట్టి, మొదటి బిందె ఆ ఇంటావిడకే పట్టి ఇచ్చింది. అక్కడితో మాటలు కలిశాయి. ఆ నీళ్లు నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో ప్రయాణం చేసి వస్తాయి. కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి హైదరాబాదుకు ఎక్కించి తెస్తారు. ఎక్కించి అన్నది ఉత్తమాట కాదు, ఊరు ఎత్తులో వుంది, ప్రతి బిందెనూ పంపులతో పైకి తోయవలసిందే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూపిస్తాను. లెక్కలంటే భయమున్న మిత్రులు కూడా చదవండి, గుణకారమే. మా ప్లాటు నూటయాభై గజాలు, అంటే దాదాపు 125 చదరపు మీటర్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఆ రెండూ గుణిస్తే నూరు ఘనపు మీటర్లు, అంటే లక్ష లీటర్లు. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై! మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని ఇంజనీర్లు లెక్క కడతారు. ఇంట్లో మేం అయిదుగురం. ఆ లెక్కన మా ఇంటి మీద పడ్డ వాన మాకు దాదాపు అయిదు నెలలు సరిపోవాలి. అదంతా పట్టుకోలేమనుకోండి, సగం పట్టినా చాలు. కాని పట్టే చోటేది? వాకిట్లో బండలు పరిచాం, బురద కాకుండా. వీధికి సిమెంటు రోడ్డు అడిగి మరీ వేయించుకున్నాం. దరఖాస్తు మీద మా బాపు సంతకం మూడోది. ఆ పైన స్పాంజికి మూత పడింది. నీరు కిందకు పోకపోతే బోరు ఎండుతుంది. కిందకు పోని ఆ నీరు ఎటో ఒకటు పోవాలి గదా. నేను రెండు కష్టాలనుకున్నవి ఒకటేనని అన్నది ఇందుకే.

అది నాకు తెలిసింది 2020 అక్టోబరు 13 మంగళవారం రాత్రి. కరోనా సెలవులు, కాలేజీ ఫోన్లోనే. సాయంత్రం నుంచి ఏకధారగా వాన. ఆ ఒక్క రోజున నగరం చుట్టుపక్కల కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. మళ్లీ మన లెక్కే వేయండి. 30 సెంటీమీటర్ల వానకు ఒక్క నూటయాభై గజాల ప్లాటు మీద 37 వేల లీటర్లు. మా వీధికి ఎగువన వున్నవి నూరిళ్లే అనుకున్నా 37 లక్షల లీటర్లు. కరెంటు పోయింది. నీళ్లు వాకిట్లోంచి వస్తాయని అందరం వాకిలి వైపు చూస్తున్నాం. మొదట బాత్రూం జాలీలోంచి వచ్చాయి, నల్లగా, వాసనతో. ఆ తర్వాత గడప మీదుగా. మోకాలి దాకా లేచాయి. నానమ్మను మంచం మీద కూర్చోబెట్టి, మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. బియ్యం బస్తా తడిసింది. నా పదో తరగతి మెమో అల్మారా పై అరలో వుండి బతికింది. ఫ్రిజ్ తేలుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. తేలి, పక్కకు ఒరిగి, వంటింటి తలుపుకు అడ్డం పడింది. ఆ నీళ్లు రెండు రోజులు కదలలేదు.

మూడోనాడు చీపుర్లతో బురద తోస్తుంటే పాత ఊళ్లోంచి ఒక ముసలవ్వ వచ్చి చూసింది. ఆమెకు మా దిక్కు ఒకప్పుడు ఎకరం చెల్క వుండేదట. "గీడ ఒర్రె వుండె బిడ్డా" అన్నది. "మీ వంటింటి కాడినుంచే పారుతుండె. ఆనకాలంల మేము దాటనీకె భయపడుతుంటిమి. గిక్కడ ఇల్లు గట్టిన్రేంది అని అప్పుడే అనుకున్న." "మరి అప్పుడే చెప్పలేకపోయినవా అవ్వా" అన్నారు బాపు. "నన్నెవలడిగిన్రు?" అన్నది.

కొన్ని నెలల తర్వాత నేను ఊరి నక్షా చూశాను. సర్వే నంబర్లు, చెరువు శిఖాలు, బాటలు గీసిన పాత పటం. దాని మీద సన్నటి జంట గీతలు ఒక కుంట మత్తడి దగ్గర మొదలై వంకర తిరుగుతూ కిందకు వస్తాయి. మా లేఅవుట్ వున్న సర్వే నంబరులో అవి ఒక మూలగా పోతాయి. మా వెనక ఇల్లు సరిగ్గా వాటి మీద వుంది. మాది గట్టు మీద, మహా అయితే వంటిల్లు లోపల. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లో ఇలాంటివాటికి కొలతలు వున్నాయి. ఇరవై అయిదు ఎకరాలు దాటిన చెరువు నిండు మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు, పది మీటర్ల వెడల్పు లోపు వాగులకు 2 మీటర్లు వదలాలి. ఆ 2 మీటర్లు వదిలితే మా వంటిల్లు వుండదు. మా ఇల్లు ఆ నిబంధనలకంటే మూడేళ్లు ముందుది అని నాకు నేను చెప్పుకున్నాను. నీళ్లకు ఆ సంగతి తెలియదు.

అంతవరకు నేను ఈ కథను మాకు జరిగిన అన్యాయంగానే చెప్పుకునేవాణ్ని. నక్షా చూశాక అట్లా చెప్పడం కష్టమైంది. మాకు అన్యాయం జరగలేదని కాదు. లేఅవుట్ వేసినవాడికి ఒర్రె కనిపించకపోదు, కాగితాలు చూసినవాళ్లకూ కనిపించకపోదు. కాని మా గోడ వల్ల ఎగువ వీధిలో నాలుగిళ్లు మునుగుతున్నాయి. వాళ్లు మమ్మల్ని ఏమనాలి? 2024 జూలైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా ఏర్పడ్డాక మా వీధిలో ప్రతి ఇంట్లోనూ నక్షాల మాటే. అంతకుముందు అవ్వ మాట నవ్వులాటగా తీసుకున్నవాళ్లు కూడా టేపు పట్టుకుని గోడలు కొలిచారు. పెద్దపెద్ద భవనాలు కూలినప్పుడు పేపరు చూసి సంతోషించాం. మా వీధి పేరు రాకూడదని దేవుడికి మొక్కాం. రెండూ ఒకే రోజున చేశాం.

ఉప్పల్ వైపూ, ఎల్.బి. నగర్ వైపూ, మేడ్చల్ వైపూ గదులు వెతుక్కునే మిత్రులకు, రేపు ఉద్యోగాలొచ్చి ప్లాట్లు కొనబోయే మిత్రులకు నాకు తెలిసింది ఒకటి చెబుతాను. ఇల్లు చూడటానికి ఎండాకాలం పోకండి, వానాకాలం పోండి. గోడల మీద అడుగు ఎత్తున మరక వుందా, కొత్తగా రంగు వేసింది కిందిసగానికేనా చూడండి. అన్నిటికంటే ముందు పాత ఊళ్లోకి పోయి, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను అడగండి. మమ్మల్ని అన్నట్టు మిమ్మల్ని అననీయకండి.

ఇక బాపు సంగతి. వరదల తర్వాత ఆయన ఇల్లు అమ్మేద్దామని నిశ్చయించుకున్నారు. చెల్లెలి చదువు, నానమ్మ ఆరోగ్యం, మళ్లీ అట్లాంటి రాత్రి వస్తే ఏమిటని భయం. 2022 ఏప్రిల్‌లో ఒక కుటుంబం చూడటానికి వచ్చింది. వాళ్లదీ మా దిక్కే, ఆలేరు పక్కన. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన బోరు ఎన్ని అడుగులని అడిగాడు, నల్లా ఎన్నిరోజుల కొకసారి వస్తుందని అడిగాడు, దిక్కు చూశాడు, వంటిల్లు ఆగ్నేయంలో వుందని సంతోషించాడు. వానల సంగతి అడగలేదు. ఏప్రిల్లో ఎవరడుగుతారు? ధర కుదిరింది. బయానా డబ్బు ఆయన జేబులోనే వుంది. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆవిడ తన చిన్నపిల్లను మా నానమ్మ మంచం మీద కూర్చోబెట్టి, "మంచం గింత ఎత్తు పెట్టుకున్నరేంది?" అని నవ్వింది.

ఎవరం మాట్లాడలేదు. నేను బాపు వైపు చూశాను. ఆ డబ్బుతో ఘట్‌కేసర్ దగ్గర ఒక ఫ్లాటుకు మాట ఇచ్చి వున్నారని నాకు తెలుసు. ఆయన కాసేపు చాయ్ గ్లాసు తిప్పి, "ఇరవైలో నీళ్లొచ్చినయ్ తమ్మీ" అన్నారు. ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించారు. వెనక ఒర్రె సంగతి కూడా చెప్పారు. ఆయన లేచి గోడ దగ్గరికి పోయి, బాపు చెయ్యి పెట్టిన చోట తానూ చెయ్యి పెట్టి చూశాడు. మళ్లీ ఫోన్ చేస్తామని చెప్పి వెళ్లారు. చెయ్యలేదు. అమ్మ రెండు రోజులు ముభావంగా వుంది, మూడోనాడు మామూలైంది. ఇల్లు మాదగ్గరే వుంది.

వాకిట్లో బండలు సగం తీసేసి 2021లోనే ఇంకుడుగుంత తవ్వాం. కంకర, ఇసుక పోసి, డాబా మీది గొట్టం అందులోకి వదిలాం. దానివల్ల వేసవిలో మోటారు ఇరవై నిమిషాలు ఎక్కువ నడుస్తున్నది. వీధిలో ఇంకో ముగ్గురు తవ్వుకున్నారు. వెనక ఇంటివాళ్లూ, మేమూ, ఎగువ వీధివాళ్లూ కలిసి ప్రహరీల పక్కనుంచి కాలువకు దారి వదులుదామని మూడుసార్లు కూర్చున్నాం. ఎవరి గోడ ఎంత వెనక్కి జరగాలన్న దగ్గర మూడుసార్లూ ఆగిపోయింది. మా వైపు నుంచి మూడడుగులు ఇస్తామని బాపు రాసిచ్చారు. వంటింటి గట్టు పోతుందని అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

ఏటా మే నెలాఖరుకు బాపు గడప ముందు రెండు వరుసల ఇటుకలు పేర్చి సిమెంటు పూస్తారు, దసరా వెళ్లాక పగలగొడతారు. నానమ్మ మంచం కింద ఇటుకలు మాత్రం ఏడాది పొడుగునా అలాగే వుంటాయి.